నమూనా పెట్టెలో పశ్చిమ ప్రకాశం

మంత్రులు, అధికారులు, వ్యాపార సంఘాల ప్రతినిధులు జట్టు కట్టి విదేశాలకు వెళ్లి పెట్టుబడులను పిలవటం సరళీకరణతోనే పుట్టిన వింత అని మనలో చాలామంది అనుకుంటారు. దావోస్ అనే ఊరిపేరు తెలుగు పత్రికల్లో మామూలు మాట అయింది 1990ల చివరి నుంచే కాబట్టి అలా అనుకోవటం సహజమే. కాని చరిత్ర చదివేవాడికి ఈ జ్ఞాపకం చాలదు. ఒక ప్రాంతంలో నేల కింద ఏముందో, నేల మీద ఏం పండుతుందో లెక్కగట్టి, తలా ఒక ముక్క నమూనాగా తీసి, దూరదేశపు కొనుగోలుదారు ముందు పరచటమనే పని మన దగ్గర నూటడెబ్బయి ఏళ్లకు పైబడి సాగుతున్నది. పెట్టె మోసేవాళ్లు మారారు. పెట్టెలో ఏది పెట్టాలి, ఏది పెట్టకూడదు అన్న నియమం మాత్రం పెద్దగా మారలేదు. ఈ వ్యాసం ఆ నియమాన్ని గురించి.

ఇందుకు మార్కాపురం, కంభం, గిద్దలూరు, పొదిలి, కనిగిరి ప్రాంతాలను ఉదాహరణగా తీసుకోవటానికి రెండు కారణాలున్నాయి. వెనుకబడిన ప్రాంతమన్న విశేషణం లేకుండా ఈ పేర్లు ప్రభుత్వ కాగితాల్లో అచ్చుకావు. వెనుకబడిందని మొదటి పేజీలో చెప్పిన నివేదికే రెండో పేజీలో ఇక్కడ అపార వనరులున్నాయని చెబుతుంది. రెండు పేజీలకూ మధ్య ఏం జరిగిందో మూడో పేజీలో వుండదు. ఇది మొదటి కారణం. రెండోది మనకు మరీ దగ్గరిది. ఈ నేల ప్రపంచానికి పంపిన సరుకుల్లో ముఖ్యమైనది పలక. అంటే మన వృత్తికి మొదటి పనిముట్టు.

ఈ ప్రాంతం ఎప్పుడూ ఎవరో ఒకరి అంచున వుంటూ వచ్చింది. 1800లో నిజాం కంపెనీకి అప్పగించిన దత్తమండలాల్లో కంభం, మార్కాపురం ప్రాంతాలున్నాయి. మొదట కడప కలెక్టరు కింద వున్నాయి. 1858లో కర్నూలు జిల్లాలో కలిశాయి. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు, నెల్లూరు నుంచి కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు విడివడి కొత్త జిల్లాకు పడమటి భాగమయ్యాయి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు. మూడు జిల్లాల అంచుల్ని కలిపి కుట్టిన బొంత ఇది. బొంతకు కుట్టు ఎంత గట్టిదో కప్పుకున్నవాడికే తెలుస్తుంది.

1851లో లండన్‌లో జరిగిన మహాప్రదర్శనకు ఈస్టిండియా కంపెనీ మన దేశం నుంచి పత్తి, నూనెగింజలు, రంగులు, కలప, లోహపు రాళ్లు సేకరించి పంపింది. 1855లో మద్రాసులో మరో ప్రదర్శన పెట్టారు. దాని పేరులోనే ముడిసరుకులు ముందు వున్నాయి, కళలు తర్వాత వచ్చాయి, తయారీ వస్తువులు చివరికి దిగాయి. ఇది అక్షరదోషం అనుకోవటానికి వీల్లేదు. దక్షిణాది నుంచి ఇంగ్లండు మిల్లులకు ఏం రావాలో, ఇంగ్లండు మిల్లుల నుంచి దక్షిణాదికి ఏం రావాలో ఆ వరుస చెబుతున్నది. జిల్లా కలెక్టర్లు, ఇంజనీర్లు, వైద్యులు ఊరూరా నమూనాలు పోగుచేశారు. సంచిలో వడ్లు వేసి ఊరిపేరు రాశారు. పండించినవాడి పేరు రాయలేదు. సంచికి అంత చీటీ చాలదు కదా!

ప్రదర్శనల వెనకాలే భూగర్భ పరిశోధకులు వచ్చారు. భారత భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ కడప, కర్నూలు శిలలను పరిశీలించి రాసిన గ్రంథం 1872లో వెలువడింది. నల్లమల వరసల్లోని పలకరాయికి ఆయన కంభం పేరు పెట్టాడు. భూగర్భశాస్త్రంలో ఆ పేరు నేటికీ చెల్లుతున్నది. కింగ్ శ్రమను తక్కువ చెయ్యనవసరం లేదు. కొండ కొండా ఎక్కి దిగి రాసిన పుస్తకం అది, దాని శాస్త్రీయ విలువ నిలిచింది. కాని ఆ శ్రమకు జీతమిచ్చిన ప్రభుత్వం అడిగిన ప్రశ్న ఒకటే. ఇక్కడ తవ్వి తీసుకుపోదగింది ఏముంది?

సాహిత్య విద్యార్థులు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. అదే 1872లో నరహరి గోపాలకృష్ణమ చెట్టి ‘శ్రీరంగరాజ చరిత్రము’ వెలువడింది. తొలి తెలుగు నవల ఇదా, 1878 నాటి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ను తొలి నవలగా చెప్పుకోవాలా అని మన విమర్శకులు ఎంతో సిరా ఖర్చుచేశారు. ఆ వాదం నాకిక్కడ పనిలేదు. నాకు కావలసింది ఆ రచయిత రెండో పుస్తకం. కర్నూలు జిల్లా సమగ్ర వివరణగా 1886లో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసిన మాన్యువల్‌ను ఇంగ్లీషులో కూర్చింది ఈ గోపాలకృష్ణమ చెట్టిగారే. ఆయన డిప్యూటీ కలెక్టరు. మార్కాపురం, కంభం అప్పుడు కర్నూలు జిల్లాలోనివే. అంటే ఈ ప్రాంతపు కొండలు, చెరువులు, పంటలు, కులాలు, శిస్తులు, నల్లమల చెంచులు జాబితాగా మారినప్పుడు ఆ జాబితా కూర్చిన చెయ్యీ, తెలుగు నవల తొలి అడుగుల్లో వినబడే చెయ్యీ ఒకటే.

ఈ రెంటికీ సంబంధం కాకతాళీయమా? కాదనే నా అభిప్రాయం. దేశప్రజల ఆచార వ్యవహారాలు తెలిపే కథాగ్రంథాలు రావాలన్న మేయో ప్రభువు కాలపు ప్రకటన ప్రేరణతో ఆయన కథ రాశారు. జిల్లా వివరాలు కావాలన్న ప్రభుత్వ ఆజ్ఞ మీద మాన్యువల్ కూర్చారు. ఒకచోట పాలకుడికి ప్రజలు తెలియాలి, మరోచోట నేల తెలియాలి. మన వచనం తన బాల్యంలో ప్రభుత్వ గెజెట్ చూపుడువేలు పట్టుకుని నడిచిందన్నమాట. దీన్ని నిందగా అనటం లేదు. ఆ వేలు వదిలించుకోవటానికి గురజాడ దాకా ఆగవలసి వచ్చిందని గుర్తుచేస్తున్నాను, అంతే.

1872కూ 1886కూ నడుమ ధాత కరువు వుంది. 1876-78 కరువులో కర్నూలు జిల్లా దెబ్బతిన్నంతగా మద్రాసు రాజధానిలో దెబ్బతిన్న జిల్లాలు తక్కువ. 1871 జనాభా లెక్కలకూ 1881 లెక్కలకూ మధ్య జిల్లా జనాభాలో దాదాపు నాలుగోవంతు మాయమయింది. చచ్చినవాళ్లు, వలసపోయినవాళ్లు ఒకే తీసివేతలో కలిసిపోయారు. కరువు కమిషను రైలుమార్గాలు వేస్తే కరువు తగ్గుతుందని చెప్పింది. అలా వచ్చిందే దక్షిణ మరాఠా రైల్వే కంపెనీ వేసిన గుంతకల్లు-బెజవాడ మీటరుగేజి దారి. నంద్యాల దాటి నల్లమలలోకి దూరి, బొగద సొరంగం గుండా, దొరబావి వంతెన మీదుగా దిగువమెట్టకు, అక్కడినుంచి గిద్దలూరు, కంభం, మార్కాపురం రోడ్, దొనకొండలకు దిగింది. ఆ వంతెన కట్టడం చూసి ఇంజనీరింగు విద్యార్థులు ఇప్పటికీ ముచ్చటపడతారు, పడదగిందే. అదే దశకంలో 1882 నాటి మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవి ప్రభుత్వ ఆస్తి అయింది. అడవిలో రైలు వెళ్లవచ్చు, చెంచు మాత్రం అడిగి వెళ్లాలి.

కరువు పేరుతో వచ్చిన రైలు కరువుసీమకు ధాన్యం తెచ్చిన మాట నిజం. ఆ రైలే పడమట మార్మగోవా రేవుకూ, తూర్పున కృష్ణా ముఖద్వారానికీ ఈ మెట్టభూముల్ని కట్టేసింది. రేవు దగ్గరైన కొద్దీ ధర నిర్ణయించేవాడు దూరమవుతాడు. ఈ సూత్రానికి పలక కంటె మంచి ఉదాహరణ దొరకదు.

మా తరం పల్లెటూరి పిల్లల చదువు మార్కాపురం పలక మీద మొదలయింది. నల్లటి రాయి, చుట్టూ చెక్క చట్రం, మూల చిల్లుకు దారంతో వేలాడే గుడ్డపీలిక. అది ఏ ఊరిదని మేము అడగలేదు, పంతులుగారూ చెప్పలేదు. అక్షరాభ్యాసానికి ముహూర్తం పెట్టారుగాని పలక పుట్టుకకు ముహూర్తం ఎవరు పెట్టారు? భూమిలోంచి పలకరాయి లేచే తీరు చూడని పాఠకులకు కొంచెం చెప్పాలి. ఈ రాయి పొరలు పొరలుగా వుంటుంది. గుంటలో దిగి గడ్డపారలతో, శీలలతో దిమ్మెల్ని లేపుతారు. పైకి తెచ్చి, ఉలి అంచుపెట్టి సుత్తితో మెల్లగా తడితే పుస్తకం విప్పినట్టు పొర విడుతుంది. దెబ్బ ఎక్కువైతే పగులుతుంది, తక్కువైతే విడదు. ఈ నేర్పు యంత్రానికి పట్టుబడటం కష్టం. విడిన పొరను కొలతకు కోస్తారు, రుద్దుతారు, నున్న చేస్తారు, చట్రం బిగిస్తారు. పనికివచ్చే ప్రతి పలక వెనకా దానికి ఎన్నో రెట్లు చెత్తరాయి గుట్టపడుతుంది. కోసేటప్పుడూ రుద్దేటప్పుడూ లేచే దుమ్ములో సిలికా వుంటుంది. ఏళ్ల తరబడి పీల్చిన ఊపిరితిత్తుల్లో అది మచ్చ కడుతుంది. ఆ మచ్చను మాన్పే మందు లేదు. బలపాలు తయారుచేసే మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్‌లో 1970ల చివర, 80ల్లో జరిగిన వైద్య పరిశీలనల్లో సగానికి మించిన కార్మికులకు సిలికోసిస్ బయటపడింది. పలక, బలపం! ఓనమాలకు రెండు ఊళ్లు ఊపిరి కట్టాయి.

స్వాతంత్య్రం తర్వాత నమూనా పెట్టె మన చేతికి వచ్చింది. రెండో ప్రణాళిక తొలి ఏళ్లలోనే విదేశీ మారకద్రవ్యం అడుగంటింది. ఎగుమతి చెయ్యటం దేశభక్తి అయింది. 1956లో స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్, 1958లో రసాయనాలు, ఖనిజాల వంటివాటికి ఎగుమతి ప్రోత్సాహక మండలి కాపెక్సిల్, 1963లో ఖనిజాలు, లోహాల వ్యాపార సంస్థ వచ్చాయి. రాష్ట్రంలో 1960 దశకారంభంలో పారిశ్రామికాభివృద్ధి, ఖనిజాభివృద్ధి కార్పొరేషన్లు వెలిశాయి. విదేశీ సంతల్లో భారత మండపాలు లేచాయి. 1972లో ఢిల్లీలో ఆసియా-72 ప్రదర్శన జరిగింది. వీటన్నిటి ఉద్దేశం మంచిదే. కొత్తగా స్వతంత్రమైన దేశానికి యంత్రాలు కొనుక్కోవటానికి డబ్బు కావాలి, రాయి అమ్మితే డబ్బు వస్తుంది. తప్పు అమ్మటంలో లేదు. అమ్ముడయ్యేదాన్ని రాయి అనుకోవటంలో వుంది. నిజానికి బయటి దేశం కొన్నది పొర విడదీసే నేర్పును, ఆ నేర్పుకు ఇక్కడ కట్టే చవక కూలిని. ఈ రెండూ నమూనా పెట్టెలో కనబడవు, ధరలో మాత్రం వుంటాయి.

ఆ కూలి ఎంత చవకో 1980ల్లో ప్రభుత్వమే ఒప్పుకోవలసి వచ్చింది. 1986లో బాలకార్మిక చట్టం, 1987లో జాతీయ బాలకార్మిక విధానం వచ్చాయి. ఆ విధానం కింద ప్రత్యేక పథకాలు పెట్టటానికి దేశంలో కొద్ది పరిశ్రమల్ని ఎంచారు. శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాద్ గాజు, మొరాదాబాద్ ఇత్తడి, మీర్జాపూర్ తివాచీలు, మంద్‌సౌర్ బలపాలు, మన రాష్ట్రంలో జగ్గంపేట పెంకులు, మార్కాపురం పలకలు. 1988 నుంచి ప్రాజెక్టులు మొదలయ్యాయి, పనిలోంచి తప్పించిన పిల్లలకు ప్రత్యేక పాఠశాలలు తెరిచారు. ఈ జాబితాను మరొకసారి నిదానంగా చదవండి. ఇది ఎగుమతుల జాబితాలాగే లేదూ? తివాచీలు, ఇత్తడి, గాజు, రాయి. ఒకే ఢిల్లీలో ఒక మంత్రిత్వశాఖ కిటికీలోంచి చూస్తే ఇవి దేశానికి గర్వకారణం, పక్క శాఖ కిటికీలోంచి చూస్తే ప్రమాదకర వృత్తులు. రెండు కిటికీల మధ్య గోడ ఎంత మందమో కొలవటం చరిత్రకారుడి పని.

పలకలు చేసిన పిల్లలు పలక పట్టి బడికి వెళ్లలేదన్న వాక్యం రాయటం సులువు. చాలా సభల్లో విన్నాం, చప్పట్లు కూడా కొట్టాం. కష్టమైన ప్రశ్న వేరే వుంది. తల్లిదండ్రులు పిల్లల్ని ఎందుకు పంపారు? బావిలో నీళ్లు లేవు కాబట్టి, వున్న నీళ్లలో చాలాచోట్ల ఫ్లోరైడ్ వుంది కాబట్టి, వాన మీద ఆధారపడ్డ మెట్టపంట రెండేళ్లకోసారి చేతికి రాదు కాబట్టి, చేసిన బాకీ ఇంటిల్లిపాదీ తీర్చాలి కాబట్టి. విజయనగర రాజుల కాలంలో వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకునే కంభం చెరువు తర్వాత ఈ సీమకు చెప్పుకోదగ్గ నీటివనరు ఏదీ రాలేదు. కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య పేరు పెట్టుకున్న వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. కొండను తొలిచే రెండు సొరంగాల్లో మొదటిది పూర్తికావటానికే పాతికేళ్లు పట్టింది. పెట్టుబడుల బృందం ఒక్క వారంలో తిరిగివస్తుంది, నీళ్లు మాత్రం తరం గడిచినా రావు. నీళ్లు వచ్చివుంటే ఆ పిల్లల్లో సగంమంది పలకల షెడ్డు గడప తొక్కేవాళ్లు కాదని నేను నమ్ముతున్నాను.

1990ల్లో పలకకు మరో దెబ్బ తగిలింది. బడిలో రాతిపలక స్థానాన్ని రేకు, ప్లాస్టిక్ పలకలు, నోటుపుస్తకాలు ఆక్రమించాయి. పరిశ్రమ తన చూపు నేలకూ గోడకూ అతికించే రంగురాళ్ల వైపు తిప్పింది. ఐరోపా, అమెరికా ఇళ్ల వాకిళ్లలో, స్నానాలగదుల్లో మార్కాపురం రాయి పరుచుకుంది. అక్కడ స్పెయిన్, బ్రెజిల్, చైనా రాళ్లతో పోటీ. పిల్లవాడి అక్షరానికి పనికివచ్చిన రాయి దొరసాని చెప్పులకు పనికివచ్చింది. జిల్లా తూర్పువైపు చీమకుర్తి నల్లరాయి కథ ఇంకా చిన్నది. చుక్కల ఆకాశంలా మెరిసే ఆ గ్రానైటు దిమ్మెలుగానే ఓడ ఎక్కి, ఇటలీలోనో చైనాలోనో మెరుగుపడింది. మెరుగు పెట్టినచోటే లాభమూ వుంటుంది.

ఇక పొగాకు. ఇక్కడ మనం, అంటే అభ్యుదయ రచయితలం, కొంచెం తల వంచుకోవాలి. గుంటూరు సీమలో వర్జీనియా పొగాకును బ్రిటిష్ పెట్టుబడి 1920ల్లో నాటింది. సామ్రాజ్యంలో పండిన ఆకుకు ఇంగ్లండులో సుంకం తగ్గించి మార్కెట్ కల్పించారు. ఆ పంట పొదిలి, కనిగిరి ప్రాంతాల తేలికనేలల దాకా పాకింది. 1976 జనవరిలో గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు ఏర్పడింది. పంట విస్తీర్ణం నిర్ణయించటం, బ్యారన్లను రిజిస్టరు చెయ్యటం, విదేశాల్లో కొనుగోలుదార్లను వెతకటం దాని బాధ్యతలు. 1985 నుంచి మన రాష్ట్రంలో వేలం కేంద్రాలు నడిచాయి. దళారీ పెత్తనం మీద అది గట్టి దెబ్బే, దాన్ని ఒప్పుకోవాలి. అప్పట్లో మన ఆకుకు పెద్ద గిరాకీ సోవియట్ యూనియన్‌ది. రూపాయల్లో చెల్లింపు, స్నేహ ఒప్పందాల నీడ. ఆ మార్కెట్‌ను మనం మిత్రమార్కెట్ అనుకున్నాం. కొనేవాడు మిత్రుడైనప్పుడు రైతు ఎవరి ఇష్టం మీద బతుకుతున్నాడని అడగటం మర్యాద కాదనుకున్నాం. 1991లో సోవియట్ యూనియన్ కూలిన వార్త మన సాహిత్య పత్రికల్లో సిద్ధాంత చర్చగా నడిచింది. పొగాకు రైతు ఇంట్లో అది అమ్ముడుపోని బేళ్లుగా నడిచింది. ఆ సంవత్సరాల మీద మనలో ఎందరం కథ రాశాం?

2000-01లో రాష్ట్రంలో పొగాకుకు పంటవిరామం ప్రకటించారు. 2015లో ధరలు కూలి, ప్రకాశం జిల్లాలో పొగాకు రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. 2025లో నల్లబర్లీ కొనేవాళ్లు లేక ప్రభుత్వమే మార్క్‌ఫెడ్ ద్వారా కొనవలసి వచ్చింది. వేలం కేంద్రంలో ఒక మాట వుంది, ‘నోబిడ్’. బేలు వరసలో వుంటుంది, కొనుగోలుదారుల గుంపు దాని ముందు ఆగుతుంది, ఆకు చేత్తో నలిపి వాసన చూస్తారు, ఎవరూ ధర పలకరు, ముందుకు పోతారు. ఆ మౌనానికి ఈ పేరు పెట్టారు. ఇంగ్లీషు రాని రైతుకు ఆ ఇంగ్లీషు ముక్క బాగా తెలుసు. బేలును మళ్లీ బండికెత్తించుకుని ఇంటికి తీసుకుపోతాడు. బ్యారన్‌లో కాల్చిన కట్టెల ఖర్చు, కూలీల ఖర్చు, బ్యాంకు వడ్డీ ఆ బండి మీదే కూర్చుని వస్తాయి.

సరళీకరణ తర్వాత నమూనా పెట్టె మరీ పెద్దదయింది. రాయి, ఆకు చాలవు, ఇప్పుడు నేలే నమూనా. 1999లో ‘విజన్-2020’ పత్రం వచ్చింది. రాష్ట్ర విభజన తర్వాత విశాఖపట్నంలో 2016 నుంచి భాగస్వామ్య సదస్సులు జరిగాయి, 2025 నవంబరులో కూడా జరిగింది. 2011 జాతీయ తయారీ విధానం కింద పామూరు, పెదచెర్లోపల్లి మండలాల్లో సుమారు 14,000 ఎకరాల్లో జాతీయ పెట్టుబడుల, తయారీ మండలి అనుకున్నారు. దేశంలో ఇటువంటి వాటిలో తుది అనుమతి దాకా వచ్చిన మూడింటిలో ప్రకాశం ఒకటి. అనుమతి వచ్చినంత వేగంగా పని రాలేదు. రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాశ్రయం, మీటరుగేజి కాలపు రైల్వే కాలనీ వున్న దొనకొండకు 2014లో రాజధాని వస్తుందన్నారు, భూములకు రెక్కలొచ్చాయి, తర్వాత రెక్కలు ముడిచాయి. 2019 జనవరిలో రామాయపట్నం దగ్గర ఇండోనేషియాకు చెందిన ఆసియా పల్ప్ అండ్ పేపర్ సంస్థ కాగితం మిల్లుకు శంకుస్థాపన జరిగింది, 24,500 కోట్ల రూపాయలన్నారు. జిల్లా మెట్టరైతులు సుబాబుల్, జామాయిల్ వేసి కాగితం మిల్లుల ధర కోసం ఎదురుచూస్తున్నవాళ్లే కాబట్టి ఆశపడ్డారు. ఆ మిల్లు రాలేదు. ప్రభుత్వం మారిందని ఒకరు, సంస్థే వెనుదిరిగిందని మరొకరు అన్నారు. వాదం రాజకీయ పార్టీలకు వుంది. చెట్టు మాత్రం రైతు పొలంలో వుంది.

విదేశీ పెట్టుబడి అంటేనే దెయ్యమని నేను వాదించటం లేదు. ఆ వాదం మనం నలభయ్యేళ్లు చేశాం. చేస్తున్నంతసేపూ పశ్చిమ ప్రకాశం మనుషులు మిరపకోతలకు గుంటూరుకూ, ఇళ్లు కట్టటానికి హైదరాబాదుకూ వలసపోతూనే వున్నారు. ఊళ్లోకి పని వస్తే ఊరు వదిలేవాడు తగ్గుతాడు. నేను అంటున్నది వేరు. నూటడెబ్బయి ఏళ్ల జాబితాల్లో ఈ ప్రాంతం ఏమివ్వగలదన్న పట్టిక వుంది, ఈ ప్రాంతానికి ఏం కావాలన్న పట్టిక లేదు. మొదటి పట్టిక రాయటానికి నవలాకారుడే కలం ఇచ్చాడు. రెండోది రాయటానికి ఎవరు కలం ఇవ్వాలి?

పలకరాయి ఉన్న మరో దేశాన్ని చూడండి. వాయవ్య వేల్స్ పలకగనులు ఒకప్పుడు ప్రపంచానికి కప్పులు వేశాయి. అక్కడి పెన్రిన్ గని యజమానుల సంపదకు మూలం జమైకా బానిసల చెరకుతోటలు. 1900 నుంచి 1903 దాకా మూడేళ్లపాటు ఆ గనిలో పోరాటం నడిచింది. పనిలోకి తిరిగివెళ్లని కుటుంబాలు ఈ ఇంట్లో ద్రోహి లేడని వెల్ష్‌లో అచ్చువేసిన కాగితాన్ని కిటికీల్లో పెట్టుకున్నాయి. పోరాటం ఓడింది, ఊరు చీలిపోయింది. కాని గని కార్మికుడి కూతురు కేట్ రాబర్ట్స్ 1936లో ‘ట్రైద్ మెవ్న్ కఫియోన్’ రాసింది, టి. రోలండ్ హ్యూస్ 1946లో పెన్రిన్ పోరాటం మీదే ‘ఖ్వల్వా’ రాశాడు. రెండూ తమ చిన్నభాషలోనే రాశారు. ఆ గనుల సీమను 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. అప్పటికే ఆ వారసత్వం నవలల్లో నమోదై వుంది. ప్రతి గనిలోనూ భోజనాలపాకలో కూర్చుని కార్మికులు కవిత్వం, మతం, రాజకీయం వాదించుకునే అలవాటు ఆ సాహిత్యానికి పునాది. మన గుంటల దగ్గర భోజనాల వేళ ఏం మాట్లాడుకున్నారో ఎవరు విన్నారు? పలక మీద దిద్దిన అక్షరం గురించి మనం రాసినదాంట్లో పదోవంతు పలక గురించి రాయలేదు.

బాలకార్మిక ప్రాజెక్టు 2021 తర్వాత సమగ్ర శిక్షలో కలిసిపోయింది. ప్రత్యేక పాఠశాలల హాజరుపట్టీలు ఏ బీరువాలో వున్నా చెదలకు చిక్కే వయసులో వున్నాయి. 1988లో ఎనిమిదేళ్ల ప్రాయంలో షెడ్డులోంచి ఆ బడికి వచ్చిన పిల్లకు ఇప్పుడు నలభయి అయిదు దాటాయి. ఏ వేలు దేనికి తెగిందో, మొదటి వారం కూలి ఎంతో, చట్రం బిగించిన పలక మీద బలపంతో మొదట ఏం గీసిందో ఆమెకు గుర్తుంటుంది. ఆమెను కలవటానికి ప్రతినిధి బృందం అక్కర్లేదు. గుంటూరులో రైలెక్కి మార్కాపురం రోడ్‌లో దిగాలి.